ఈరీ సరస్సు స్మాల్‌మౌత్ బాస్: మేత మారింది, గాలం వేసే తీరూ మారాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, బఫెలో, టొరంటో చుట్టుపక్కల ఉంటూ వారాంతాల్లో గాలం పట్టుకుని నీళ్ళ దగ్గరికి వెళ్ళే తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్నలు ఇవి. కొందరు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు. మరికొందరు పాత సలహాలు నమ్ముకుని, చేప ఎందుకు పడటం లేదో తెలియక అడిగినవాళ్ళు. గత 35 ఏళ్ళలో ఈరీ సరస్సు అడుగున పెద్ద మార్పు జరిగింది. అది అర్థమైతే మిగతా జవాబులు చాలావరకు మీకే తడతాయి.

స్మాల్‌మౌత్ బాస్ అంటే ఏ చేప? మన పండుగప్పకు చుట్టమా?

కాదు. హోటల్ మెనూల్లో పండుగప్పను సీ బాస్ అని రాస్తారు కాబట్టి చాలామంది అలా అనుకుంటారు. స్మాల్‌మౌత్ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప, సన్‌ఫిష్ కుటుంబంలోది. గ్రేట్ లేక్స్ (ఈరీతో కలిపి అయిదు మహా సరస్సులు), సెయింట్ లారెన్స్, మిసిసిపీ పరీవాహక ప్రాంతాల్లో అనాదిగా ఉంది. ఒళ్ళు కంచు రంగులో ఉంటుంది, పక్కల నిలువు చారలుంటాయి, చాలా చేపలకు కళ్ళు ఎర్రగా ఉంటాయి. దాని దగ్గరి చుట్టం లార్జ్‌మౌత్ బాస్‌తో పోల్చి చూడాలంటే నోరు మూసి ఉన్నప్పుడు పై దవడ చివర చూడండి. అది కంటి కిందే ఆగితే స్మాల్‌మౌత్, కన్ను దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్.

లార్జ్‌మౌత్ నాచులో, బురద నీళ్ళలో హాయిగా బతుకుతుంది. స్మాల్‌మౌత్‌కు రాళ్ళు కావాలి, గులకరాళ్ళు కావాలి, కాస్త చల్లని తేట నీళ్ళు కావాలి. మేత ఏదైనా దాన్ని ఎక్కువగా ఆ రాళ్ళ మధ్యే వెతుక్కుంటుంది.

ఇదివరకు ఇవి ఏం తినేవి?

ప్రధానంగా క్రేఫిష్. మంచినీళ్ళలో రాళ్ళ కింద ఉండే జీవి ఇది. చూడటానికి రొయ్యలా ఉంటుంది, ముందు పీతకున్నట్టు రెండు పెద్ద కాళ్ళుంటాయి. దానితో పాటు ఎమరాల్డ్ షైనర్ లాంటి వెండి రంగు చిన్న చేపలు, గిజర్డ్ షాడ్ పిల్లలు, పెర్చ్ పిల్లలు, నీటిపురుగులు తినేవి. పిల్ల బాస్‌లు ముందు నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు, తర్వాత పురుగుల పిల్లలు, ఇంకాస్త ఎదిగాక చిన్న చేపలు, క్రేఫిష్ తింటూ పెద్దవయ్యేవి.

అందుకే పాత తరం గాలగాళ్ళ పెట్టె తెరిస్తే సగం ఎరలు ఎర్ర, గోధుమ రంగు క్రేఫిష్ బొమ్మలే కనిపిస్తాయి. ఆ రోజుల్లో పట్టిన చేపను కోస్తే కడుపులో ఎర్రటి పెంకు ముక్కలు ఉండేవి.

మరి మార్పు ఎప్పుడు, ఎలా వచ్చింది?

రెండు అంచెల్లో వచ్చింది. మొదటిది ఆల్చిప్పలు. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్ అనే వేలిగోరంత చారల ఆల్చిప్ప బయటపడింది. మరుసటి ఏడు దాని దగ్గరి చుట్టం క్వాగా మసెల్ ఈరీలో కనిపించింది. రెండూ నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం వైపువి. సముద్రపు ఓడలు నిలకడ కోసం అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీళ్ళలో అట్లాంటిక్ దాటి వచ్చాయి. ఇవి రాళ్ళ మీద, పైపుల మీద, పడవల అడుగున గుట్టలుగా అతుక్కుని నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని వడగట్టి తింటాయి. ఒక్క పెద్ద ఆల్చిప్ప రోజుకు దాదాపు లీటరు నీళ్ళు వడగడుతుంది. అలాంటివి కోట్లకు కోట్లు చేరేసరికి నీళ్ళ మధ్యలో తేలే మేత సరస్సు అడుగుకు చేరి ఆల్చిప్పల ఒంట్లో నిలిచిపోయింది. నీళ్ళు తేటపడ్డాయి.

కానీ అలా అడుగున చేరిన మేతను బాస్ నేరుగా తినలేదు. ఆల్చిప్ప పెంకు పగలగొట్టేందుకు మధ్యలో ఇంకెవరో కావాలి. ఆ పని చేసే చేప రెండో అంచెలో దిగింది: రౌండ్ గోబీ. ఇదీ అదే నల్ల సముద్రం వైపుది, ఇదీ బ్యాలస్ట్ నీళ్ళలోనే వచ్చింది. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదట దొరికింది. 1990లు ముగిసేలోపు అయిదు గ్రేట్ లేక్స్‌లోనూ పాకింది. తన సొంత సముద్రంలో తినే ఆల్చిప్పలే ఇక్కడా సిద్ధంగా ఉంటే ఇంకేం కావాలి? వాటిని తింటూ గోబీ పెరిగింది. గోబీని తింటూ బాస్ పెరిగింది.

గోబీని ఎలా గుర్తుపట్టాలి?

గోదావరి జిల్లాల వాళ్ళకు తేలికే. అక్కడ ఇసుకలో దొరికే ఇసుకదొందులు కూడా గోబీ జాతివే. తల మొద్దుగా, కళ్ళు కప్ప కళ్ళలా పైకి ఉబ్బి, ఒళ్ళు బూడిద–గోధుమ మచ్చలతో ఉంటుంది. ఈరీలో ఎక్కువగా మూడు నుంచి ఆరు అంగుళాలవి పడతాయి.

ఖాయంగా చెప్పే గుర్తులు రెండున్నాయి. వీపు మీద ముందు రెక్క చివర నల్లని చుక్క ఒకటి. రెండోది పొట్ట కింద కనిపిస్తుంది. మిగతా చేపలకు అక్కడ జతగా ఉండే రెక్కలు గోబీకి కలిసిపోయి ఒకే గిన్నెలా ఉంటాయి. దానితో రాయిని పట్టుకుని అలల్లో కూడా కదలకుండా కూర్చుంటుంది. ఇక్కడి స్థానిక చేప స్కల్పిన్ కూడా చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. దాని పొట్ట రెక్కలు మాత్రం విడివిడిగా ఉంటాయి. చంపేముందు తిప్పి చూడండి. స్కల్పిన్‌లు గోబీల దెబ్బకు ఇప్పటికే తగ్గిపోయాయి, పొరపాటున కూడా వాటికి హాని జరగకూడదు.

ఇంకో సంగతి గాలం వేసేవాళ్ళకు చాలా ముఖ్యం. గోబీకి గాలితిత్తి లేదు. చాలా చేపలు ఒంట్లోని గాలితిత్తి సాయంతో నీళ్ళ మధ్యలో తేలుతూ ఉండగలవు. గోబీకి అది కుదరదు. ఈదడం ఆపితే అడుక్కి పడిపోతుంది. అందుకని ఒక్క ఉదుటున జానెడు దూరం దూకి, ఆగి, మళ్ళీ దూకుతుంది. ఈ నడకను గుర్తుపెట్టుకోండి, కింద ఎర గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

బాస్ గోబీని అంతగా ఎందుకు తింటోంది? రుచా?

రుచి సంగతి చేపకే తెలియాలి. లెక్క మాత్రం సులువు. గోబీ బాస్ తిరిగే రాళ్ళ మధ్యే ఉంటుంది, గుంపులు గుంపులుగా ఉంటుంది, దూరం పారిపోలేదు. క్రేఫిష్ ఒంట్లో చాలా భాగం అరగని పెంకు. గోబీకి ఆ బెడద లేదు. ఎక్కువ తిరగకుండా కడుపు నిండుతుంది. పైగా ఏడాదిలో చాలా నెలలు దొరుకుతుంది, ఎందుకంటే గోబీ ఒకే వేసవిలో చాలాసార్లు గుడ్లు పెడుతుంది. కాబట్టి పిల్ల బాస్ నోటికి పట్టే గోబీ, ముసలి బాస్ నోరు నింపే గోబీ ఒకేసారి సరస్సులో ఉంటాయి.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. పిల్ల బాస్‌లు పుట్టిన మొదటి వేసవిలోనే చిన్న గోబీల్ని తినడం మొదలుపెడుతున్నాయని, అందువల్ల చలికాలం వచ్చేసరికి మునుపటికంటే పెద్దవిగా ఉంటున్నాయని ఒహాయో పరిశోధకులు గమనించారు. చలికాలంలో ఈ చేపలు దాదాపు ఏమీ తినవు, ఒంట్లో దాచుకున్న శక్తితోనే నెట్టుకొస్తాయి. చిన్నగా ఉన్న పిల్ల ఆ నెలలు దాటలేదు. అందుకే మొదటి ఏడు ఒక అంగుళం ఎక్కువ పెరగడమే చాలా పిల్లలకు చావుబతుకుల తేడా.

నిజంగానే చేపలు పెద్దవయ్యాయా, లేక గాలగాళ్ళ కబుర్లా?

నిజమే. 2022 నవంబర్‌లో ఒహాయోలోని ఫ్రీమాంట్‌కు చెందిన ఒక గాలగాడు ఈరీ సరస్సు అంటారియో జలాల్లో 10.15 పౌండ్ల స్మాల్‌మౌత్‌ను పట్టాడు. అంటే 4.6 కిలోలు. అంటారియోలో 1954 నుంచి నిలిచిన రికార్డు దానితో పోయింది. అదే ఏడు జులైలో సెయింట్ లారెన్స్ నదిపై జరిగిన బాస్‌మాస్టర్ ఎలైట్ పోటీలో విజేత నాలుగు రోజుల మొత్తం వంద పౌండ్లు దాటింది, అన్నీ స్మాల్‌మౌత్‌లే. రోజుకు అయిదు చేపలే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి సగటున ఒక్కో చేప అయిదు పౌండ్లు దాటినట్టు. మా వైపు పాతకాపులు అయిదు పౌండ్ల చేపను గోడకు తగిలించుకునేవాళ్ళు.

ప్రపంచ రికార్డు మాత్రం ఇప్పటికీ దక్షిణాదిదే. 1955లో టెనసీ–కెంటకీ సరిహద్దులోని డేల్ హాలో జలాశయంలో పట్టిన 11 పౌండ్ల 15 ఔన్సుల చేప అది. అప్పటికి ఉత్తర అమెరికాలో రౌండ్ గోబీ లేదు. కాబట్టి గోబీ ఉంటేనే చేప పెరుగుతుందని అనుకోవద్దు. గ్రేట్ లేక్స్ లాంటి చల్లని చోట, వేసవి పొట్టిగా ఉండే చోట, అంత బరువు రావడానికి గోబీ పెద్ద సాయం చేసిందన్నదే ఇక్కడి సంగతి.

అయితే గోబీ రావడం మంచిదే కదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళకూ నేను ముందు గూడు సంగతి చెబుతాను.

నీళ్ళు సుమారు 15–18 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కాక, అంటే ఈరీలో మే, జూన్ నెలల్లో, మగ బాస్ తోకతో గులకరాళ్ళను ఊడ్చి గుండ్రని పళ్ళెంలాంటి గూడు చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పని అంతా మగదానిదే. గుడ్లు పొదిగేదాకా, పొదిగిన పిల్లలు సొంతంగా ఈదుకునేదాకా వారాల తరబడి గూడు వదలదు. సరిగా తినదు కూడా. మన చెరువుల్లో ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా తిరిగే కొరమీనును చూసినవాళ్ళకు ఈ దృశ్యం వెంటనే అర్థమవుతుంది.

గూడు చుట్టూ రాళ్ళ మీద గోబీలు కాచుకుని ఉంటాయి. ఒకటీ రెండూ కాదు, ఎటు చూసినా అవే. మగ బాస్ ఒకదాన్ని తరిమితే ఇంకోటి పక్కనుంచి వస్తుంది. ఈరీలోని బాస్ దీవుల దగ్గర పరిశోధకులు నీళ్ళలోకి దిగి చూశారు. గోబీలు లేని కెనడా సరస్సు ఓపియాంగోలోని బాస్‌లతో పోలిస్తే ఈరీ మగ చేపలు గూటి దొంగల్ని తరమడానికి చాలా ఎక్కువ శక్తి ఖర్చు పెడుతున్నాయని తేలింది. అలాంటి మగ చేపను ఎవరైనా గాలంతో పైకి లాగితే నిమిషాల్లోనే గోబీలు గూట్లో పడి గుడ్లు తినడం మొదలుపెడతాయి. మీరు ఫొటో తీసుకుని చేపను జాగ్రత్తగా వదిలినా, అది తిరిగి వెళ్ళేసరికి నష్టం జరిగిపోతుంది.

పెద్ద బాస్ కడుపు నింపేది గోబీయే, దాని గుడ్లు తినేదీ గోబీయే. ఏడాది మొత్తం మీద ఏ వైపు మొగ్గుతుందన్నది సరస్సును బట్టి, ఆ ఏడు గాలులను బట్టి, మనలాంటి వాళ్ళ నడవడికను బట్టి మారుతుంది. ఇందులో మన చేతిలో ఉన్నది ఒక్కటే. వసంతంలో గూడు మీద ఉన్న చేప జోలికి వెళ్ళకూడదు.

కానీ మా రాష్ట్రంలో వసంతంలో పట్టి వదిలేయడం చట్టబద్ధమే. తప్పేంటి?

చట్టం కొన్నిచోట్ల అనుమతిస్తుంది, నిజమే. ఒహాయో తన ఈరీ జలాల్లో వసంతకాలం నిబంధనలను 2000ల తొలి ఏళ్ళలోనే బిగించింది. మిషిగన్, న్యూయార్క్, అంటారియో ఒక్కో దారి ఎంచుకున్నాయి. నేను చట్టం గురించి కాదు, చేప గురించి మాట్లాడుతున్నాను.

తేట నీళ్ళలో పళ్ళెంలాంటి తెల్లటి మచ్చ మీద చేప నిలబడి ఉంటే అది గూడు. అక్కడ వేసిన ఏ ఎరనైనా అది కొరుకుతుంది. ఆకలితో కాదు, గుడ్ల దగ్గరికి వచ్చినదాన్ని బయట పడేయడానికి కొరుకుతుంది. అలా పట్టడంలో నేర్పు ఏముంది? అదే వారం కాస్త లోతుకు, పదిహేను ఇరవై అడుగుల రాళ్ళ దిబ్బల మీదికి వెళ్తే ఇంకా గుడ్లు పెట్టని చేపలు, పెట్టేసి వచ్చిన చేపలు దొరుకుతాయి. పొరపాటున గూటి చేప పడితే నీళ్ళలోంచి పైకి తీయకుండానే కొక్కెం విప్పి, పట్టిన చోటే వదిలేయండి. లైవ్‌వెల్‌లో, అంటే చేపను బతికుంచే పడవలోని నీళ్ళ తొట్టిలో, వేసుకుని తిరగడం మాత్రం అస్సలు వద్దు.

ఇక క్రేఫిష్ ఎర పనికిరాదా?

పనికొస్తుంది. చేప క్రేఫిష్‌ను మరిచిపోలేదు. రాళ్ళు ఎక్కువగా ఉండి గోబీలు పలచగా ఉన్న నదుల్లో, గోబీలు ఇంకా చేరని లోపలి సరస్సుల్లో అదే ముఖ్యమైన మేత. ఈరీలో కూడా కొన్ని రోజులు వలలో పడ్డ బాస్ నోట్లోంచి ఎర్రటి మీసాలు బయటకు కనబడుతుంటాయి. జూన్‌లో మేఫ్లై పురుగులు పైకి లేచే రోజుల్లో వాటి పిల్లల్ని తింటుంది. శరదృతువులో బఫెలో దగ్గర ఎమరాల్డ్ షైనర్లు గుంపు కడితే గోబీని వదిలి వాటి వెంట పడుతుంది.

కాబట్టి ముందు చేపనే అడగండి. వలలోకి వచ్చిన బాస్ చాలాసార్లు తిన్నది కక్కేస్తుంది. మొద్దు తల, నల్ల చుక్క రెక్క కనబడితే గోబీ. పెంకు ముక్కలైతే క్రేఫిష్. వెండి పొలుసులైతే షైనర్. పడవ అడుగున పడ్డ ఆ ముద్దను కడిగేసే ముందు ఒక్క క్షణం చూడండి. దుకాణంలో ఎవరిచ్చే సలహా కంటే అదే నమ్మకమైనది.

గోబీలా కనిపించే ఎర ఏది? ఎలా లాగాలి?

ట్యూబ్ నాకు మొదటి ఎంపిక. ఒకవైపు మూసి, మరోవైపు సన్నని కుచ్చులుండే మెత్తని ప్లాస్టిక్ గొట్టం అది. మూడున్నర అంగుళాలది తీసుకోండి. లోపల పావు ఔన్సు నుంచి అర ఔన్సు బరువున్న జిగ్ తల (గుండు బరువు అతికిన కొక్కెం) పెట్టండి. లోతును, గాలిని బట్టి బరువు మార్చండి. ముఖ్యం ఒక్కటే, అడుగు తగులుతూ ఉండాలి. గోబీకి గాలితిత్తి లేదని పైన చెప్పుకున్నాం కదా. నీళ్ళ మధ్యలో తేలుతూ వచ్చే గోబీని బాస్ ఎన్నడూ చూడలేదు. ఎరను అడుగుకు దింపి, కొంచెం ఈడ్చి, ఆపండి. మళ్ళీ ఒక చిన్న దూకుడు, మళ్ళీ ఆపండి. కొరుకు ఎక్కువగా ఆ ఆగినప్పుడే వస్తుంది. దెబ్బలా తెలియదు, తడిగుడ్డ తగులుకున్నట్టు లైన్ బరువెక్కుతుంది. అప్పుడు రాడ్ పైకెత్తండి.

రంగుల్లో ఆకుపచ్చ–గోధుమ కలిసిన గ్రీన్ పంప్‌కిన్, ముదురు గోధుమ, పొగ రంగు చాలు. మే, జూన్‌లలో నల్లది కూడా పెట్టెలో ఉండాలి, ఎందుకంటే గుడ్లు కాసే రోజుల్లో మగ గోబీ నల్లగా మారుతుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

డ్రాప్ షాట్ కూడా బాగా పనిచేస్తుంది. ఇందులో బరువు కింద ఉంటుంది, కొక్కెం దానికి కాస్త పైన ఉంటుంది. గోబీ కోసం ఆ ఎత్తును జానెడుకు మించనివ్వకండి. చిన్న జిగ్ తలకు పొట్టి ప్లాస్టిక్ ఎర గుచ్చే నెడ్ రిగ్ చల్లటి నీళ్ళలో మంచిది. రాడ్ ఏడడుగులది, మీడియం లేదా మీడియం లైట్. రీల్ మీద సన్నని అల్లిన లైన్, చివర ఆరు నుంచి పది పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనిపించని లైన్) కట్టుకోండి. నీళ్ళు తేటపడ్డాక లావు లైన్ చేపకు కనిపిస్తోంది. ఆల్చిప్ప పెంకులు బ్లేడులా కోస్తాయి కాబట్టి ప్రతి రెండు మూడు చేపలకు చివరి అడుగు లైన్‌ను వేళ్ళతో తడిమి చూడండి. గరుకుగా ఉంటే కత్తిరించి మళ్ళీ కట్టండి.

ఏ కాలంలో ఎంత లోతులో వెతకాలి?

గోబీ ఎటు వెళ్తే అటు. చలికాలంలో గోబీలు లోతుకు దిగుతాయి, వసంతంలో ఒడ్డు రాళ్ళ మీదికి వస్తాయి. గుడ్ల కాలం ముగిశాక జులై, ఆగస్టులలో బాస్‌లు 15–35 అడుగుల దిబ్బల మీద ఉంటాయి. సెప్టెంబర్ చివరి నుంచి అవి బాగా తింటాయి. సంవత్సరంలో అతి బరువైన చేపలు పడేది అక్టోబర్, నవంబర్‌లలోనే. పైన చెప్పిన 10.15 పౌండ్ల చేప కూడా నవంబర్‌దే.

అడుగంతా ఒకేలా ఉండే చోట కాలం వృథా చేయకండి. ఇసుక ఆగి రాళ్ళు మొదలయ్యే అంచు, దిబ్బ అకస్మాత్తుగా దిగిపోయే చోటు, ఒంటరి బండరాయి వెతకండి. ఈరీ పశ్చిమ భాగం చాలా తక్కువ లోతు, సగటున ఏడు మీటర్ల పైచిలుకే. సౌత్ బాస్, కెలీస్ దీవుల చుట్టూ ఇలాంటి రాళ్ళు కావలసినన్ని ఉన్నాయి. తూర్పున పెన్సిల్వేనియాలోని ప్రెస్క్ ఐల్, ఇంకా పైకి బఫెలో, కెనడా వైపు లాంగ్ పాయింట్ పేరున్న చోట్లు.

ఒక హెచ్చరిక: ఈరీ లోతు తక్కువ కాబట్టే గాలి లేస్తే అలలు చాలా త్వరగా పెరుగుతాయి. నవంబర్‌లో చిన్న పడవలో పెద్ద చేప కోసం వెళ్ళి ఇబ్బంది పడ్డవాళ్ళు నాకు తెలుసు. గాలి అంచనా చూడకుండా రేవు వదలవద్దు.

పడవ లేదు. ఒడ్డు నుంచి కుదురుతుందా?

కుదురుతుంది. మే, జూన్ మొదట్లో, మళ్ళీ సెప్టెంబర్ తర్వాత. రేవుల దగ్గర అలల్ని ఆపే రాతి గోడల వెంట వెళ్ళండి, పొద్దున లేదా సాయంత్రం. ఆ రాళ్ళ సందుల్లో గోబీలు కిక్కిరిసి ఉంటాయి. దూరంగా విసరాలని తాపత్రయపడకండి. గోడ పాదం దగ్గరే, రాళ్ళు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఎర దింపండి. వేసవి మధ్యలో పట్టపగలు మాత్రం ఒడ్డున గోబీలు తప్ప ఇంకేం పడవు.

అవునండీ, నాకు పడేవన్నీ గోబీలే! వానపాము వేస్తే చాలు పీకేస్తున్నాయి. ఏం చేయాలి?

వానపాము మానేయండి. చిన్న కొక్కెం, మెత్తని సహజ ఎర అడుగున పెడితే గోబీ ముందుగా చేరుతుంది. మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ ఎరను కూడా అది టకటకా కొడుతుంది కానీ మింగలేదు. ఆ టకటకలు వినిపిస్తున్న చోటును వదిలి వెళ్ళకండి. చేపకు మేత ఉన్న చోటు అదే. టకటకలు ఉన్నట్టుండి ఆగిపోతే ఇంకా జాగ్రత్తగా ఉండండి, పెద్ద చేప దగ్గరికి వచ్చి ఉండొచ్చు.

పడ్డ గోబీని ఏం చేయాలి? బతికున్నదాన్నే ఎరగా పెడితే బాగుంటుంది కదా?

వద్దు. ఈ సరస్సుల చుట్టూ చాలాచోట్ల బతికున్న గోబీని దగ్గర ఉంచుకోవడమే చట్టవిరుద్ధం. బకెట్లో వేసుకుని ఇంకో సరస్సుకు తీసుకెళ్ళడమంటే ఆ సరస్సుకు చేతులారా చీడ అంటించినట్టే. గోబీయే అని నిర్ధారించుకున్నాక చంపి చెత్తబుట్టలో వేయండి. మీ రాష్ట్రం లేదా ప్రావిన్స్ నిబంధన ఏం చెబుతోందో ఒకసారి చదవండి.

లోతులోంచి తీసిన చేప వదిలితే వెల్లకిలా తేలుతోంది. ఎందుకు?

బాస్‌కు గాలితిత్తి ఉంటుంది. ముప్ఫై అడుగుల కంటే లోతు నుంచి పైకి తెస్తే ఒత్తిడి తగ్గి ఆ తిత్తి ఉబ్బుతుంది, చేప కిందికి దిగలేదు. వెంటనే వదిలితే చాలావరకు తనే దిగిపోతుంది. ఫొటోల కోసం, తూకం కోసం ఆలస్యం చేసేకొద్దీ కష్టమవుతుంది. బరువు కట్టి చేపను కిందికి దింపే పరికరాలు దొరుకుతాయి, ఒకటి పడవలో ఉంచుకోండి. సూదితో గాలి తీసే పద్ధతి కూడా ఉంది. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోకుండా ప్రయత్నించకండి, లోపలి అవయవాలు దెబ్బతింటాయి. అన్నిటికంటే మేలైన దారి, చేపను వదిలేసే ఉద్దేశం ఉంటే మరీ లోతుకు వెళ్ళకపోవడం.

పులుసు పెట్టుకోవచ్చా?

తినదగ్గ చేపే. అయినా నా సలహా, స్మాల్‌మౌత్‌ను వదిలేసి ఎల్లో పెర్చ్ లేదా వాలై వండుకోండి.

ఎందుకంటే ఆల్చిప్పలు నీళ్ళతో పాటు అందులోని విష రసాయనాలను కూడా వడగడతాయి. అవి గోబీలోకి, గోబీ నుంచి బాస్‌లోకి చేరతాయి. స్మాల్‌మౌత్ పదిహేనేళ్ళకు పైగా బతకగలదు, అన్నేళ్ళూ పోగుచేసుకుంటుంది. పీసీబీలనే పాత పారిశ్రామిక రసాయనాలు కొవ్వులో, పాదరసం కండలో నిలుస్తాయి. ప్రతి రాష్ట్రం, అంటారియో కూడా, ఏ చేప నెలకు ఎన్నిసార్లు తినొచ్చో సలహా ప్రకటిస్తుంది. గర్భిణులకు, పిల్లలకు విడిగా ఉంటుంది.

మన వంటకు సంబంధించి ఒక మాట. పీసీబీలు కొవ్వులో ఉంటాయి కాబట్టి చర్మం, పొట్ట కొవ్వు తీసేసి, కొవ్వు కారిపోయేలా కాల్చుకోమని చెబుతారు. పులుసులో ఆ కొవ్వు ఎక్కడికీ పోదు, రసంలోనే ఉంటుంది, దాన్నే అన్నంలో కలుపుకుంటాం. కాబట్టి పులుసే కావాలంటే చర్మం తీసిన చిన్న పెర్చ్ ముక్కలతో పెట్టుకోండి. పాదరసం మాత్రం ఏ వంటతోనూ పోదు.

గోబీ వల్ల మిగతా జీవులకు ఏమైంది?

ఒక్కొక్కదానికి ఒక్కోలా. ఈరీ దీవుల్లో ఉండే ఈరీ నీటిపామును 1999లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. గోబీలు వచ్చాక దాని మేతలో తొంభై శాతానికి పైగా అవే అయ్యాయి. దాన్ని కాపాడే చర్యలూ కలిసొచ్చి సంఖ్య పెరిగింది, 2011లో జాబితా నుంచి తీసేశారు.

లూన్ అనే నీటిపక్షులకు మాత్రం విషాదమే మిగిలింది. 1999 నుంచి ఈరీలో, తర్వాత మిగతా సరస్సుల్లో టైప్ ఈ బాచులిజం వల్ల వేలకొద్దీ పక్షులు చనిపోయాయి. సరస్సు అడుగున ఆక్సిజన్ లేని చోట పుట్టే విషం అది. అడుగు నుంచి పక్షుల దాకా అది చేరే దారిలో గోబీ ఒక మెట్టని పరిశోధకులు భావిస్తున్నారు. శరదృతువులో ఒడ్డున చచ్చి పడి ఉన్న పక్షినిగానీ చేపనుగానీ ముట్టుకోకండి, కుక్కను దగ్గరికి పోనివ్వకండి.

మా దగ్గరి సరస్సులో గోబీలు లేవు. వస్తాయా?

పాకుతూనే ఉన్నాయి. అంటారియోలో సింకో సరస్సుకు 2000ల మధ్యలో చేరాయి. న్యూయార్క్‌లో ఒనైడా సరస్సుకు 2010లలో, హడ్సన్ నదికి 2021లో చేరాయి. హడ్సన్ నుంచి కాలువ మీదుగా ఛాంప్లేన్ సరస్సుకు ఎక్కడ వెళ్తాయోనని ఇప్పుడు అందరికీ టెన్షన్. ‘గోబీ వస్తే మా చేపలూ లావెక్కుతాయి కదా’ అని కొందరు నాతో అన్నారు. వాళ్ళకు నేను గట్టిగానే చెప్పాను: స్కల్పిన్, లాగ్‌పెర్చ్ లాంటి స్థానిక చేపలు తగ్గిపోతాయి, గూళ్ళు ఖాళీ అవుతాయి, ఒకసారి వచ్చాక ఎవరూ వెనక్కి పంపలేరు. కృష్ణా, గోదావరి నీళ్ళలో డెవిల్ ఫిష్ జాలర్ల వలలు చింపుతోందని మనం వార్తల్లో చదువుతున్నాం కదా, అదీ ఇలా బయటి నుంచి వచ్చినదే.

సరస్సు నుంచి బయల్దేరేముందు పడవలోని నీళ్ళన్నీ అక్కడే పారబోయండి. ట్రెయిలర్‌కు అంటిన నాచు తీసేయండి, తర్వాత ఎండనివ్వండి. మిగిలిన బతికున్న ఎరను నీళ్ళలో కాదు, చెత్తలో వేయండి.

లైసెన్స్ అందరికీ కావాలా?

ఒహాయో, న్యూయార్క్, పెన్సిల్వేనియాలలో 16 ఏళ్ళు నిండినవాళ్ళకు, మిషిగన్‌లో 17 నిండినవాళ్ళకు కావాలి. అంటారియోలో నివసించేవాళ్ళకైతే 18 నుంచి 64 ఏళ్ళ మధ్య తప్పనిసరి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పక్కన కూర్చుని చూస్తే లైసెన్స్ అక్కర్లేదు, గాలం చేతిలోకి తీసుకుంటే కావాలి. వాళ్ళకు ఒకటి రెండు రోజుల లైసెన్స్ ఫోన్‌లోనే కొనొచ్చు. పడవలో వెళ్ళేవాళ్ళు సరిహద్దు గీతను జీపీఎస్‌లో చూసుకోండి. పిలీ దీవి వైపు గీత దాటి గాలం వేయాలంటే ఒహాయో లైసెన్స్ చెల్లదు, అంటారియోది ముందే తీసుకోవాలి. సైజు, సంఖ్య పరిమితులు కూడా గీతకు అటూ ఇటూ వేరు, ఏటేటా మారుతుంటాయి. ఆ ఏడాది నిబంధనల పుస్తకం ఫోన్‌లో దించుకుని వెళ్ళండి. దీవుల అవతల సిగ్నల్ అందదు.